మా నాయన భజన క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించిన అనుభవం

మా నాయన ఊళ్లో భజన మండలికి హార్మోనియం వాయించేవారు. మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్రకు దగ్గరలోని మా ఊళ్లో ప్రతి శనివారం రాత్రి హనుమంతుని గుడి ముందు భజన జరిగేది. ధనుర్మాసంలో నెల పొడుగునా తెల్లవారుజామున వాడవాడా తిరిగి పాడేవారు. దీపావళి వెళ్లాక కురుమూర్తి జాతరకు పోయినప్పుడు, స్వామివారి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం నాటి రాత్రి గుట్ట కింద చింతచెట్ల నీడన తెల్లవార్లూ పాట సాగేది. మన్నెంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలు ఆ మండలిలో చదువు రానివారికి కూడా నోటికి వచ్చేవి. 1983లో బొంబాయికి వలస పోయిన మా మేనమామ తిరిగి వస్తూ ఒక చిన్న మోనో టేప్ రికార్డర్ తెచ్చి నాయన చేతిలో పెట్టారు. అప్పటి నుంచి 1996 దాకా నాయన వీలు దొరికినప్పుడల్లా ఆ పెట్టెను హార్మోనియం పక్కన పెట్టి భజనలను రికార్డు చేశారు. ఆయన పోయాక అటక మీది రేకు డబ్బాలో 43 క్యాసెట్లు దొరికాయి. వాటిలో 31 అరవై నిమిషాలవి, 12 తొంభై నిమిషాలవి. మొత్తం కలిపితే 49 గంటల పాట.

ఆ మండలిలో ఇప్పుడు మిగిలినవారు ముగ్గురే కనుక ఆలస్యం చేయకూడదనుకున్నాను. మొదట నాలుగు క్యాసెట్లను పట్నంలో ఒక దుకాణానికి ఇచ్చాను. వారం తరువాత వచ్చిన ఎంపీ3 ఫైళ్లలో తాళాల చప్పుడు గోనెసంచి కప్పినట్లు మొద్దుగా వినిపించింది. ఎక్కువ శబ్దం వచ్చిన ప్రతిచోటా గొంతు చీలిపోయింది. ఒక క్యాసెట్‌లో రీలు ఒక బెత్తెడు మేర నలిగి తిరిగి వచ్చింది. తెగిన బట్టను కుట్టుకోవచ్చు గాని, సాగిన రీలును మునుపటి స్థితికి తేలేము. మిగిలిన 39 క్యాసెట్లను మరొకరి చేతికి ఇవ్వకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

క్యాసెట్ రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో, రీలు మీది పాటను చదివే హెడ్ ముందు నుంచి సాగుతుంది. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఎక్కువ రీలు పట్టాలి కనుక దాన్ని దాదాపు 12 మైక్రాన్ల మందంతో చేస్తారు. అరవై నిమిషాల దానిలో 18 మైక్రాన్లు ఉంటుంది. అంత పలుచని పట్టీ మీద అంటించిన ఇనుప తుప్పు వంటి పొడిలో పాట నిలిచి ఉంది. కాబట్టి కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది తరువాతి మాట. ముందు ఆ రీలును సరిగా చదివే యంత్రం కావాలి. యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటర్‌కు తగిలించే చవక ప్లేయర్ ఒకటి కొని చూశాను గాని, హార్మోనియం ఒకే స్వరం మీద నిలబెట్టిన చోట ధ్వని గాలికి ఊగే దీపంలా వణికింది. ఆ వణుకు ఒకసారి ఫైల్లోకి ఎక్కితే తీసివేయడం నా వల్ల అయ్యే పని కాదు. అందువల్ల హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెదికి, పాత జపాన్ క్యాసెట్ ప్లేయర్ (డెక్) ఒకటి కొన్నాను. దాని బెల్టు జిగురులా కరిగిపోయి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో కొలతకు సరిపడే బెల్టు దొరికింది. మహబూబ్‌నగర్‌లో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దమనిషి ఒకరు దాన్ని బిగించి, రీలును లాగే రబ్బరు చక్రాన్ని కూడా మార్చి ఇచ్చారు.

క్యాసెట్లను డెక్‌లో పెట్టే ముందు చేయవలసిన పని చాలా ఉంది. అన్నిటికంటే ముందు ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలకలను విరిచివేశాను. అవి ఉంటే, పొరపాటున రికార్డు మీట నొక్కినప్పుడు ఉన్న పాట చెరిగిపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ ముందు తెలియలేదు. "కురుమూర్తి, 1987" అని నాయన చేతిరాత ఉన్న క్యాసెట్‌లో మొదటి వైపున తొలి పన్నెండు నిమిషాలు రేడియో సినిమా పాటలే ఉన్నాయి. వాటి మధ్యలో నవ్వుతున్న పిల్లల గొంతుల్లో నాదీ ఒకటి. పదమూడో నిమిషం దగ్గర సినిమా పాట హఠాత్తుగా ఆగి, కింది నుంచి జాతర భజన సగం చరణంలో బయటపడుతుంది. ఆ పన్నెండు నిమిషాలు ఇక ఎక్కడా దొరకవు.

ఎనిమిది క్యాసెట్లకు తెల్లని బూజు పట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట అరుగు మీద కూర్చుని, అందుకోసమే వేరుగా పెట్టుకున్న ఒక పాత ప్లేయర్‌లో రీలును మెల్లగా తిప్పుతూ, మెత్తని పొడిబట్టను తగిలీతగలనట్లు ఆనించి శుభ్రం చేశాను. బూజు పట్టిన క్యాసెట్‌ను మంచి డెక్‌లో పెడితే ఆ బూజు అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. మరి కొన్నిటిలో రీలును హెడ్‌కు అదిమి పట్టే చిన్న ఉన్ని ముక్క, దాని జిగురు ఎండిపోయి, ఊడి పడిపోయింది. అది లేకపోతే ధ్వని వస్తూ పోతూ ఉంటుంది. అయిదు స్క్రూలతో విప్పుకోగలిగే ఖాళీ డొల్లలు కొన్ని సంపాదించి, రీలు చక్రాలు రెండింటినీ జాగ్రత్తగా వాటిలోకి మార్చాను. స్క్రూలు లేకుండా అతికించి వచ్చిన క్యాసెట్లను అంచు వెంట సన్నని బ్లేడుతో విడదీయవలసి వచ్చింది. తెగిన చోట మామూలు సెల్లో టేపు వేయకూడదు. దాని జిగురు కారి పక్క చుట్టలకూ హెడ్‌కూ అంటుకుంటుంది. అతుకు వేయడానికి ఆ వెడల్పుకే చేసిన ప్రత్యేకమైన టేపు ఉంటుంది. దశాబ్దాల పాటు కదలకుండా ఉన్న రీలు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కనుక, ప్రతి క్యాసెట్‌నూ చివరి దాకా ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పాకే వినడం మొదలుపెట్టాను. హెడ్‌ను, రీలును నడిపే ఇనుప కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ప్రతి రెండు క్యాసెట్లకు ఒకసారి తుడిచాను. దూది ప్రతిసారీ గోధుమరంగుకు మారేది.

ఈ పని మొత్తంలో నాకు అతి ముఖ్యమనిపించినది హెడ్ కోణం. హెడ్‌లోని సన్నని చీలిక రీలుకు నిట్టనిలువుగా ఉండాలి. నాయన రికార్డర్‌లో అది ఏ కొంచెం వాలి ఉన్నా, ఆ వాలులోనే పాట ముద్ర పడింది కనుక, నా డెక్‌లోని హెడ్‌నూ అంతే వాలులోకి తేవాలి. లేకపోతే మంద్ర ధ్వని బాగానే ఉన్నట్లు అనిపించినా పైధ్వనులు మసకబారుతాయి. దుకాణం నుంచి వచ్చిన ఫైళ్లలో తాళాలు మొద్దుబారడానికి కారణం ఇదేనని అప్పుడు అర్థమైంది. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కుడి ఎడమ ఛానెళ్లను కలిపి మోనోగా వింటూ, ఆ స్క్రూను గడియారపు ముల్లు కదిలినంత నెమ్మదిగా తిప్పాలి. భజన రికార్డింగుకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: తాళాలు, చిడతలు ఆద్యంతం మోగుతూనే ఉంటాయి. కోణం కుదిరిన క్షణాన, అప్పటిదాకా "టప్ టప్" అన్న తాళాలు కంచు విచ్చుకున్నట్లు ఝల్లుమంటాయి. ఆ స్థానం ఒక్క వెంట్రుకవాసి మేరే ఉంటుంది. అన్ని క్యాసెట్లూ ఒకే రికార్డర్‌తో చేసినవైనా ప్రతి దానికీ, కొన్నిసార్లు రెండో వైపుకు కూడా, మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది. విరామం లేకుండా ఆ తాళాలు వాయించినవారికి, ముప్పై ఏళ్ల తరువాత తమ చేతులు ఈ పనికి కూడా ఉపయోగపడతాయని తెలిసి ఉండదు.

డెక్ లైన్ అవుట్ నుంచి ధ్వనిని అంకెలుగా మార్చే ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ కలిపాను. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా పెడితే ధ్వని పగిలిపోతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పెట్టుకుని వేవ్ ఫైలుగా తీసుకున్నాను. ఆ లెక్కన నిమిషానికి పదిహేడు మెగాబైట్లకు పైగా పడుతుంది. మొత్తం 49 గంటలకు దాదాపు 51 గిగాబైట్లు. అత్యధిక ధ్వని కూడా మైనస్ ఆరు డెసిబెళ్లను దాటకుండా ముందే సరిచూసుకున్నాను, ఎందుకంటే సున్నాను దాటి కోసుకుపోయిన శిఖరాలు తిరిగి రావు. మొదట్లో అన్నిటి కింద ఒక గుంయ్‌మనే ధ్వని పడింది. అది మన కరెంటు 50 హెర్ట్జ్ ధ్వని. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడిపితే ఆగిపోయింది. డెక్ మీద రొదను తగ్గించే డాల్బీ మీటను ఆపే ఉంచాను. డాల్బీ లేకుండా రికార్డయిన దానికి డాల్బీ పెడితే పైధ్వనులు అణగిపోతాయి. గంట పాటకు గంట పడుతుంది, దీనికి అడ్డదారి లేదు. ఉద్యోగం నుంచి వచ్చి, అన్నం తిన్నాక, రాత్రి పూట ఒక క్యాసెట్ చొప్పున శ్రావణంలో మొదలుపెట్టాను.

పదకొండు క్యాసెట్లు అయ్యాక మా ఊరికి పోయాను. మండలిలో ప్రధానంగా పాడిన పెద్దాయన ఇంకా ఉన్నారు. మాకు రక్తసంబంధం లేకపోయినా చిన్నప్పటి నుంచి ఆయన నాకు పెద్దనాయనే. ఆయనే పాడిన 1989 నాటి కీర్తన ఒకటి ఇయర్‌ఫోన్లు లేకుండా చిన్న స్పీకరు మీద వినిపించాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"ఇది నేను గాదు కొడుకా," అన్నారు. "పాట నాదే. గొంతు ఎవరో పిల్లగానిది లెక్కున్నది. గింత ఉరుకుడు మేమెన్నడు పాడలే."

తాళాల ఝల్లు గురించే ఆలోచించిన నాకు ఈ మాట పెద్ద దెబ్బ. ఇంటికి వచ్చి మొదట డెక్‌నే అనుమానించాను. 3,150 హెర్ట్జ్ ధ్వని నింపిన పరీక్ష క్యాసెట్ ఒకటి తెప్పించి పెట్టి చూస్తే, నా డెక్ దాన్ని 3,205గా పలికింది. అంటే సుమారు 1.7 శాతం వేగం ఎక్కువ. మోటారు వెనుక రంధ్రంలో ఉండే చిన్న స్క్రూను తిప్పి దాన్ని సరిచేశాను. అప్పటికే ఎక్కించిన పదకొండింటిని మళ్లీ తిప్పలేదు; ఆ లెక్క ప్రకారం ఫైళ్లలోనే వేగం తగ్గించాను. అయినా పెద్దనాయన గొంతు పూర్తిగా దిగిరాలేదు. పైగా ఏ వైపైనా మొదట్లో కంటే చివర్లో గొంతు ఇంకా పైకి పోతున్నది.

కారణం అమ్మ చెప్పింది. ఊళ్లో రాత్రిపూట కరెంటు నిలకడగా ఉండేది కాదనీ, గుడి దగ్గర నాయన రికార్డర్‌ను ఎప్పుడూ నాలుగు పెద్ద సెల్లుల మీదే నడిపేవారనీ, కొత్త సెల్లులు నెలకొకసారి కంటే ఎక్కువ కొనలేకపోయేవారనీ ఆమె మాటల మధ్యలో అన్నది. అప్పుడు చిక్కుముడి వీడింది. సెల్లులు బలహీనపడిన కొద్దీ రికార్డర్‌లో రీలు నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా నడిచిన రీలు మీద పడ్డ పాటను ఇప్పుడు సరైన వేగంతో వింటే, అది హెచ్చు శ్రుతిలో, హడావిడిగా వినిపిస్తుంది.

ఎంత తగ్గించాలో తేల్చడానికి మా ఇంట్లోనే కొలమానం ఉంది. నాయన హార్మోనియం అలాగే ఉంది; ఆయన తరువాత దాని రీడ్లను ఎవరూ ముట్టలేదు. మండలి ఎప్పుడూ నాలుగున్నర శ్రుతిలోనే పాడేదని పెద్దనాయన చెప్పారు. ఆ మెట్టును నొక్కి, ఆ ధ్వనిని కంప్యూటర్‌లో కొలిస్తే 372 హెర్ట్జ్ వచ్చింది. తిత్తి ఒత్తిడిని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది గాని, ఈ పనికి అది చాలు. 1989 నాటి క్యాసెట్‌లో అదే ఆధార స్వరం, అంటే షడ్జం, మొదటి వైపు ఆరంభంలో 375గా ఉంది; దాదాపు ఇరవయ్యో నిమిషం దాకా అక్కడే నిలబడి, ఆపైన ఎక్కడం మొదలుపెట్టి, చివరికి 394కు చేరింది. అంటే పాట ముగిసే సరికి ఒక మెట్టు దాటి అయిదో శ్రుతికి చేరిపోయిందన్నమాట. అక్కడ వేగాన్ని దాదాపు అయిదున్నర శాతం తగ్గించాలి. శ్రుతిని మాత్రమే మార్చే సాధనం వాడితే గొంతు కృత్రిమంగా అవుతుంది. వేగమూ శ్రుతీ కలిసే తగ్గాలి. ఆడాసిటీలో పాట నడుమ వేగాన్ని మార్చే టైమ్ ట్రాక్ అని ఒకటి ఉంది. ప్రతి రెండు నిమిషాలకు హార్మోనియం స్వరాన్ని కొలిచి, ఆ అంకెల ప్రకారం దానిలో గీతను కొంచెం కొంచెం వంచుతూ పోయాను. ఒక్కో వైపుకు ఒక సాయంత్రం పట్టింది. క్యాసెట్ల నుంచి పాటను దించుకోవాలనుకునే వారికి నేను గట్టిగా చెప్పే మాట ఇది: ఆ రికార్డింగులో వాయించిన హార్మోనియమో, పిల్లనగ్రోవో, గుడిగంటో ఏదైనా ఇంకా ఉంటే, ముందు దాన్ని కొలిచి రాసి పెట్టుకోండి.

రొద తగ్గించే విషయంలో నేను మొదట అనుకున్నదాని కంటే చాలా తక్కువ చేశాను. పాట లేని చోట నుంచి రొద నమూనా తీసి, అంతటా దాన్ని తగ్గించే పద్ధతి ఉంది. ఒక క్యాసెట్‌లో ఊరికి వచ్చిన కిన్నెర అనే తంత్రీవాద్య కళాకారుడు, పేదల వీరుడు పండుగ సాయన్న కథ చెప్పిన అరగంట ఉంది. ఈ ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో దర్శనం మొగులయ్యకు వచ్చిన పద్మశ్రీతో దేశమంతటా పేరు వచ్చింది గాని, 1991లో మా ఊళ్లో అది పూటకు తిండి పెట్టే పని మాత్రమే. రొద తగ్గించగానే తంత్రి మీద గోరు గీరుకున్న జీర మాయమై, కిన్నెర ఏదో నీళ్లలో మోగినట్లు అయింది. ఆ జీరే కిన్నెర గొంతు. అప్పటి నుంచి అసలు ఫైలును ఏమీ చేయకుండా వేరుగా ఉంచి, వేగం మాత్రం సరిచేసిన నకలు ఒకటి, వినడానికి ఎంపీ3 ఒకటి చేస్తున్నాను. కీచురాళ్లు, దూరాన కుక్కలు, ఎవరో "నీళ్లు దే" అనడం, అన్నీ ఉన్నాయి. భజన నడుమ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా రికార్డర్ తనంతట తానే ధ్వనిని పెంచుకోవడం వల్ల ఆ కీచురాళ్లు దగ్గరికి వచ్చి, డోలక్ మోగగానే వెనక్కి పోతాయి. అదీ అలాగే వదిలేశాను. అసలు ఫైళ్లను నాణ్యత పోని ఫ్లాక్ రూపంలోకి మార్చి, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాను; ఒకటి నారాయణపేటలో మా చెల్లెలి ఇంట్లో ఉంది. ప్రతి ఫైలు పేరులో సంవత్సరం, చోటు, కీర్తన పల్లవి మొదటి మాట, పాడినవారి పేరు, కొలిచిన శ్రుతి ఉంటాయి.

సంక్రాంతికి 41 క్యాసెట్లు పూర్తయ్యాయి. మిగిలిన రెండింటిలో రీలు పొర ఊడి వస్తున్నది కనుక వాటిని ముట్టకుండా పొడి డబ్బాలో ఉంచాను. పండుగ మరునాడు పెద్దనాయన దగ్గరికి పోయి, అదే 1989 కీర్తనను సరిచేశాక ఎలా ఉందో వినిపించాను. ఈసారి ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకోలేదు. మూడో చరణం దాటాక ఒకచోట గొంతు ఆగిపోతుంది, హార్మోనియం మాత్రం షడ్జం మీద కాసేపు నిలబడుతుంది, మళ్లీ పాట అందుకుంటుంది. ఇంట్లో ఎన్నోసార్లు విన్నా నేను దాన్ని పట్టించుకోలేదు.

"ఈడ నాకు దమ్మొచ్చింది," అన్నారాయన. "మీ నాయన నాకోసం ఆగిండు."

ఇంటికి వచ్చి ఆ చోటును వెదికాను. 17 నిమిషాల 42వ సెకను. ఫైలుతో పాటు ఉంచిన కాగితంలో ఆ సమయాన్ని రాసి, దాని ఎదురుగా ఆయన మాటను ఆయన అన్నట్లే రాసి పెట్టాను.